ఒక చేతికి ఫిస్టులా, ఇంకో చేతికి ప్లాస్టర్

నాకు మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. పొద్దున ఆరున్నరకు మిషన్ ఎక్కిస్తే పదిన్నరకు దింపుతారు. 2024 జూలై 11, గురువారం. దిగాక చూస్తే బీపీ 100/60 ఉంది. "అక్కా, ఓ పావుగంట కూసోని పో" అన్నాడు టెక్నీషియన్ తమ్ముడు. నేను కూర్చోలేదు. నేను ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. శ్రావణం దగ్గర పడుతోంది, పదకొండు బ్లౌజులు కత్తిరించి పెట్టి ఉన్నాయి. హైదరాబాద్ బోరబండలో మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మొదటి అంతస్తు మలుపు దాకా బాగానే ఎక్కాను. అక్కడ కళ్లు చీకట్లు కమ్మాయి. వాన జల్లు పడి మెట్టు తడిగా ఉంది.

పడిన ఆ క్షణం నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది. నా ఫిస్టులా ఎడమ చేతికి ఉంది. నాలుగేళ్ల క్రితం నిమ్స్‌లో వేశారు. మణికట్టు పైన ధమనిని, సిరను కలిపి కుడతారు. ధమనిలోని రక్తం జోరుగా సిరలోకి వచ్చి, కొన్ని వారాల్లో ఆ సిర లావెక్కి గట్టిపడుతుంది. డయాలసిస్‌కు వెళ్లిన ప్రతిసారీ రెండు లావు సూదులు గుచ్చేది దానికే. అది మూసుకుపోతే మళ్లీ మెడలో పైపు వేయించుకోవాలి, కొత్త ఆపరేషన్ కోసం తిరగాలి. అందుకే ఎవరైనా దగ్గరగా వస్తే చాలు, నా ఎడమ చేయి దానంతటదే వెనక్కి పోతుంది. పడేటప్పుడూ అంతే. ఎడమ చేతిని గుండెలకు అదుముకుని, ఒంటి బరువంతా కుడి అరచేతి మీద వేశాను. టక్కుమన్న చప్పుడు వినిపించింది.

ముందు ఎడమ చేయే చూసుకున్నాను. కట్టు కింద ఫిస్టులా అదురుతోంది, అంటే రక్తం పారుతోంది. ఆ తరువాతే కుడి చేయి వైపు చూశాను. మణికట్టు దగ్గర గరిటె కాడ వంగినట్టు వంగి ఉంది.

ఎదురింటి వదిన మా ఆయనకు ఫోన్ చేసింది. ఆయన సనత్‌నగర్‌లో కంపెనీ డ్యూటీలో ఉన్నారు. ఆయన వచ్చేలోపే వదినా నేనూ ఆటోలో దగ్గర్లోని ఒక ఎముకల ఆసుపత్రికి వెళ్లాం. అక్కడ గంటలోపు మూడుసార్లు నా ఎడమ చేయిని కాపాడుకోవాల్సి వచ్చింది. మొదట ఒక అమ్మాయి బీపీ పట్టీ తెచ్చి ఎడమ చేతికి చుట్టబోయింది. ఇంకొకరు రక్తం తీస్తామని అదే చేయి పట్టుకున్నారు. మూడోసారి ఐవీ సూది. "కుడిది విరిగింది కదమ్మా, మరి ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు. వాళ్ల తప్పేం లేదు, ఒక చేయి పనికిరాకపోతే ఎవరైనా రెండో చేయే అడుగుతారు. కానీ ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ బిగించకూడదు, రక్తం తీయకూడదు, డ్రిప్ పెట్టకూడదు. చివరికి పాదం మీద సూది పెట్టారు, బీపీ కాలికి చూశారు. నొప్పితో వణుకుతున్న మనిషికి అన్నిసార్లు వివరించి చెప్పడం కుదరదు. ఆ రాత్రే మా అబ్బాయి ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "డయాలసిస్ పేషెంట్. ఎడమ చేయి ఫిస్టులా. బీపీ, సూది, రక్తం వద్దు." దానికి దారం కట్టి నా మెడలో వేశాడు. ఆ అట్టముక్క ఇప్పటికీ నా సంచిలో ఉంది.

నొప్పి తగ్గడానికని ఇంజెక్షన్ సిద్ధం చేశారు. ఏ ఇంజెక్షన్ అని అడిగితే డైక్లోఫెనాక్ అన్నారు. వద్దన్నాను. ఆ రకం మందుల గురించి మా కిడ్నీ డాక్టర్ మొదటి నెలలోనే చెప్పి ఉన్నారు. నాకింకా రోజుకు ఓ గ్లాసుడు మూత్రం వస్తుంది. ఆ మందులు ఆ మిగిలిన కాస్త పనినీ దెబ్బతీస్తాయి. పైగా వాటితో కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది, మేమేమో వారానికి మూడుసార్లు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కించుకునేవాళ్లం. కిడ్నీ డాక్టర్‌కు ఫోన్ కలిపి ఎముకల డాక్టర్‌కు ఇచ్చాను. ఇద్దరూ మాట్లాడుకుని పారాసిటమాల్ రాశారు, ఓర్చుకోలేనప్పుడు వేసుకోవడానికి ట్రమడాల్ తక్కువ మోతాదులో రాశారు. మామూలు వాళ్లకిచ్చే మోతాదు మాకు ఒంట్లోనే ఉండిపోయి మత్తు ఎక్కువవుతుందట.

ఎముక లాగి సరిచేసే ముందు గాజులు, ఉంగరం తీయాలన్నారు. ఫిస్టులా వేసిన రోజునే ఎడమ చేతి గాజులు తీసేశాను, ఆ చేతికి బిగువుగా ఏదీ ఉండకూడదు. నాలుగేళ్లుగా నా గాజులన్నీ కుడి చేతికే. ఆకుపచ్చ మట్టి గాజులు ఆరు, బంగారుది ఒకటి. చేయి అప్పటికే ఉబ్బిపోయింది. డయాలసిస్ అయి రెండు గంటలే అయింది కాబట్టి హెపారిన్ ప్రభావం ఇంకా ఉంది, చర్మం కింద రక్తం పాకి మోచేతి దాకా నల్లబడుతోంది. మట్టి గాజులు ఒక్కొక్కటే కత్తెరతో చిట్లగొట్టారు. బంగారు గాజును కట్టర్‌తో కోశారు. ఎముక విరిగినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. మా అత్తమ్మ ఇంట్లో నన్ను చూడగానే మొదట అన్న మాట కూడా అదే: "రెండు చేతులు బోసిగ అయిపాయె గద బిడ్డా." మర్నాడు ఆమె పసుపు దారం తెచ్చి ప్లాస్టర్ పైన వదులుగా కట్టింది. డాక్టర్ చూసి ఏమీ అనలేదు.

విరిగిన చోటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, ఇద్దరు పట్టుకుని లాగి, ఎముక సరిచేసి, మోచేతి కింది దాకా ప్లాస్టర్ పట్టీ వేసి కట్టు కట్టారు. ఆరు వారాలన్నారు. పంపేటప్పుడు డాక్టర్ జాగ్రత్తలు చెప్పారు. వేళ్లు ఆడిస్తూ ఉండాలి, చేయి దిండు మీద ఎత్తుగా పెట్టుకోవాలి, గోరు నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. కానీ అది ఆషాఢం. ముందు ఆదివారమే గోరింటాకు పెట్టుకున్నాను, గోళ్లతో సహా వేళ్ల కొసలన్నీ ఎర్రగా పండి ఉన్నాయి. ఆ గోళ్లలో తెలుపూ నీలమూ ఎలా కనిపిస్తాయి? డాక్టర్ కాసేపు ఆలోచించి, అయితే రంగు చూడొద్దు, చల్లబడుతున్నాయా, తిమ్మిరి వస్తోందా, వేళ్లు నిటారుగా చాచితే నొప్పి భరించలేనంతగా ఉందా, ఇవి చూసుకోండి అన్నారు. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే రమ్మన్నారు. ఆ మాట నాలుగు రోజుల్లోనే అవసరమైంది.

శనివారం డయాలసిస్‌కు వెళ్లాను. దెబ్బ తగిలిన చోట మళ్లీ రక్తం కారకుండా రెండు వారాల పాటు హెపారిన్ లేకుండా చేయమని డాక్టర్ రాశారు. హెపారిన్ లేకపోతే మిషన్‌లో ఫిల్టర్ గడ్డకట్టొచ్చు. అందుకని అరగంటకోసారి సెలైన్ వదిలి కడుగుతూ ఉంటారు. ఆ సెలైన్ కూడా ఒంట్లోకే వస్తుంది, దాన్ని కూడా లెక్కేసి తీయాలి. టెక్నీషియన్ నాలుగు గంటలూ నా మంచం దగ్గరే తచ్చాడాడు.

అయితే ఆ రోజు అందరం మరిచిపోయిన సంగతి వేరే ఉంది. నా డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీళ్లు లేనప్పుడు ఉండాల్సిన బరువు, 54 కిలోలు. మామూలుగా రెండు కిలోల దాకా పెరిగి వస్తాను. ఆ శనివారం బరువు చూసే మిషన్ మీద నిలబడితే 56.9 చూపించింది. "ఏంది అక్కా, నీళ్లు ఎక్కువ తాగినవా?" అన్నాడు. నొప్పికి మాత్రలు వేసుకున్నాను కదా, ఆ నీళ్లేమో అనుకున్నాను. 2.9 కిలోలూ, దానిపైన సెలైన్ లెక్కా కలిపి తీయడం మొదలుపెట్టారు. మూడో గంటలో పిక్కలు పట్టేశాయి. కాలి వేళ్లు మెలిపడ్డాయి. బీపీ 80కి పడిపోయింది, చెమటలు పట్టాయి. కాళ్లు ఎత్తి పెట్టి, తీయడం ఆపి, సెలైన్ ఇచ్చారు. తేరుకున్నాక డ్యూటీ డాక్టర్ నా మంచం దగ్గర నిలబడి, రాసిన కాగితం చూసి, తరువాత నా చేయి చూసి, "ఈ కట్టు బరువు తీసేశారా?" అని అడిగారు. ఎవరమూ తీయలేదు. నా ఒంట్లో లేని నీటిని మిషన్ పిండింది.

ఆ తరువాత అందాజుగా అరకిలో తీసేసి లెక్క వేశారు. కొత్తగా వేసిన కట్టు తడిగా ఉంటుంది, ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి దాని బరువు కూడా రోజురోజుకూ మారుతుంది. పదో రోజున వాపు తగ్గాక ఆ పట్టీ తీసి ఫైబర్ కట్టు వేశారు. పాత పట్టీని మా ఆయన సంచిలో వేసుకుని తెచ్చి, కింద కిరాణా కొట్టులో కాటా మీద పెట్టించారు. 640 గ్రాములు. ఫైబర్ కట్టు తేలిక, దాని బరువు ఎంతని అడిగితే 250 గ్రాముల లోపే ఉంటుందన్నారు. ఆ రెండు అంకెలూ నా డయాలసిస్ పుస్తకం మీద పెద్దగా రాయించాను. డయాలసిస్ వాళ్లకు కట్టు వేస్తే వెంటనే కట్టు బరువు రాయించుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఎముకల డాక్టర్‌కు మన బరువుతో పని లేదు, డయాలసిస్ సెంటర్‌కు మన ఎముకతో పని లేదు. మధ్యలో ఉన్నది మనమే కాబట్టి మనమే చెప్పాలి. ఇంకో సంగతి, నొప్పితో తిండి తగ్గి నేను నిజంగానే చిక్కాను. కట్టు బరువు తీసేసినా అసలు డ్రై వెయిట్ 53కి దిగిందని మూడు వారాల తరువాత తెలిసింది, అదీ పాదాల వాపు చూశాకే.

మిషన్ మీద ఆ నాలుగు గంటలు ఎలా గడిచేవో చెప్పాలి. ఇదివరకు ఎడమ చేయి కదపకుండా ఉంచి, కుడి చేత్తో ఫోన్ చూసుకునేదాన్ని, ఇడ్లీ తినేదాన్ని, దుప్పటి లాక్కునేదాన్ని. ఇప్పుడు ఎడమ చేతిలో రెండు సూదులు, కుడి చేయి దిండు మీద. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి చేయి లేదు. ఫాస్ఫరస్ పెరిగిన వాళ్లకు దురద ఎలా ఉంటుందో మాలో చాలామందికి తెలుసు. పక్క మంచం మీద ఉండే పెద్దాయన ఆయాను పిలిచేవాడు, "ఆ అమ్మకు నుదురు తుడువు" అని. ఆయన అడగకపోతే నేను నోరు విప్పేదాన్ని కాదు. మూడో వారం నుంచి చివరి గంటలో మా అబ్బాయిని లోపలికి రానిచ్చారు. నోట్లో కాస్త నీళ్లు పోసి, గడ్డం కింద దుప్పటి సర్ది, కళ్లజోడు పెట్టి వెళ్లేవాడు.

సూదులు తీశాక కూడా అంతే. తీసిన చోట కాటన్ పెట్టి పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టాలి. నాలుగేళ్లుగా నా కుడి చేతి రెండు వేళ్లతో నేనే నొక్కుకున్నాను. రక్తం ఆగాలి, కానీ ఫిస్టులాలో అదురు ఆగకూడదు, అంత ఒడుపుగా నొక్కాలి. ఇప్పుడు టెక్నీషియన్ నొక్కాలి, కానీ అతనికి ఇంకో ముగ్గురు దిగేవాళ్లుంటారు. మా ఆయనకు నేర్పించాం. మొదటిసారి ఆయన భయంతో గట్టిగా అదిమితే "సార్, జర మెల్లగ, పైన అదురు తెలుస్తుండాలె" అని ఆ తమ్ముడు ఆయన రెండో చేతి వేలిని ఫిస్టులా మీద పెట్టి చూపించాడు. నాలుగేళ్లలో మా ఆయన ఆ అదురును తాకి చూడటం అదే మొదటిసారి. ఏమీ అనలేదు, వేలు మాత్రం చాలాసేపు తీయలేదు.

నాలుగో రోజు సంగతికి వస్తాను. శనివారం తరువాత మళ్లీ మంగళవారం దాకా డయాలసిస్ లేదు. మా అందరికీ కష్టమైన గ్యాప్ అదే, నీళ్లు, పొటాషియం రెండూ పెరుగుతాయి. సోమవారం రాత్రికి వేళ్లు వంకాయల్లా ఉబ్బాయి. కట్టు లోపల బిగుసుకుపోతోంది. వేళ్లు చాచబోతే ప్రాణం పోయినంత నొప్పి, చిటికెన వేలి వైపు తిమ్మిరి. టెన్షన్‌తో మా ఆయన ఆటో తెచ్చారు. అర్ధరాత్రి ఆ ఆసుపత్రి క్యాజువాలిటీలో పైకట్టు కత్తిరించి, కింది దూదిని కూడా చీల్చి, వదులు చేసి మళ్లీ కట్టారు. పది నిమిషాల్లో వేళ్లలోకి ప్రాణం వచ్చినట్టయింది. ఇంకా ఆలస్యం చేస్తే లోపల ఒత్తిడి పెరిగి కండ, నరాలు దెబ్బతినేవన్నారు. దెబ్బ వాపు ఒకటి, ఒంట్లో పెరిగిన నీళ్లు ఒకటి, రెండూ కలిశాయి. ఆ తరువాత ఆదివారం, సోమవారం నీళ్లు ఇంకా కట్టడి చేశాను. ముందు రోజు వచ్చిన మూత్రం ఎంతో దానికి అరలీటరు కలిపి, అంతే. పొద్దున్నే ఒక సీసాలో పోసుకుని రోజంతా అదే. మందులకూ అందులో నుంచే.

ఇంట్లో అన్నం తినడం పెద్ద ప్రశ్న అయింది. ఎడమ చేత్తో తినడానికి మనసు ఒప్పలేదు. స్పూన్‌తో కూడా అలవాటు లేని చేయి, సగం చీర మీద పడేది. అత్తమ్మ కలిపి ముద్దలు పెట్టింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. "నా కొడుక్కు పెట్టిన, మనుమనికి పెట్టిన, నీకు పెడితే ఏమాయె" అనేది. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నంతోపాటే వేసుకోవాలని ఆమెకు చెప్పి పెట్టాను. నేను మరిచిపోయినా ఆమె మరిచిపోలేదు, ముందు మాత్ర నోట్లో పెట్టి తరువాతే ముద్ద పెట్టేది. నిజం చెప్పాలంటే, అంతకు ముందు ఏడాది నేను ఆ మాత్రలు సగం రోజులు మానేశాను.

బాత్‌రూమ్ సంగతి రాయడానికి మొహమాటంగానే ఉంది, కానీ ఎవరికైనా పనికొస్తుంది. కుడి చేతికి కట్టు, ఎడమ చేతికి సూదులు గుచ్చిన రంధ్రాలు. డయాలసిస్ అయిన రోజు ఆ చోటు తడవకూడదు, కట్టు ఎప్పుడూ తడవకూడదు. జెట్ పైపు బిగించిన రోజు నాకు సగం ధైర్యం వచ్చింది. డయాలసిస్ అయిన మర్నాడే స్నానం, కుడి చేతికి ప్లాస్టిక్ కవర్ కట్టి మా ఆయన నీళ్లు పోసేవారు. చీర కట్టుకోలేక నైటీల్లోనే ఉన్నాను, బయటికి పంజాబీ డ్రెస్ వదులుగా కుట్టింది వేసుకున్నాను. జడ కూడా ఆయనే వేశారు. మొదటి వారం వదులుగా వేస్తే ఆటోలోనే విడిపోయేది, తరువాత బాగా వచ్చింది.

ఇక వెళ్లి రావడం. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి నేను సెంటర్‌కు బస్సులోనే వెళ్లేదాన్ని, కుడి చేత్తో రాడ్ పట్టుకుని. ఇప్పుడు పట్టుకోవడానికి ఏ చేయీ లేదు. వారానికి మూడుసార్లు రానూపోనూ ఆటోలే. ఆరోగ్యశ్రీ మీద డయాలసిస్‌కు ఖర్చు లేకపోయినా, ఈ ఆటోల ఖర్చు, కుట్టుపని ఆగిపోవడం కలిసి మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టాయి. పదకొండు బ్లౌజుల్లో ఎనిమిది వేరే టైలరమ్మకు ఇచ్చేశాను. మూడింటిని మాత్రం వాటి వాళ్లు ఉంచమన్నారు, నా చేయి బాగయ్యాకే కుట్టమన్నారు.

ఇంటికి వచ్చిన వాళ్లందరూ ప్రేమతోనే వచ్చారు, చేతిలో ఏదో ఒకటి పట్టుకుని. ఒకామె పాయా తెచ్చింది, ఎముక అతుక్కోవాలంటే అదే తాగాలని. ఒకామె నల్లేరు పచ్చడి. ఒకరు రాగి జావ, ఇంకొకరు పాలు, కొబ్బరి బొండాలు. మా ఆడబిడ్డ పుత్తూరు కట్టు కట్టించుకొమ్మని పట్టుబట్టింది. మామూలు మనిషికి ఇవన్నీ బలమే కావచ్చు. నాకు పాయా అంటే నీళ్లు, ఉప్పు. పాలంటే ఫాస్ఫరస్. కొబ్బరి నీళ్లంటే పొటాషియం, అది గుండెకే ప్రమాదం. ప్రతి ఒక్కరికీ వివరించలేక, తీసుకుని దణ్ణం పెట్టి పిల్లవాడికి ఇచ్చేదాన్ని. డాక్టర్ నాకు చెప్పింది గుడ్డు తెల్లసొన, రోజుకు మూడు. ఎముక అతకాలంటే మాంసకృత్తులు కావాలి, డయాలసిస్‌లో అవి కొంత పోతాయి కూడా. తెల్లసొనలో ఫాస్ఫరస్ తక్కువ. నేను గుడ్డు ఇష్టంగా తినే మనిషిని కాదు. మిరియాల పొడి చల్లి అత్తమ్మ పెడితే తిన్నాను.

ఎముకల డాక్టర్ కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాశారు. కిడ్నీ డాక్టర్ అవి పక్కన పెట్టమని, ముందు రక్త పరీక్ష చేయించారు. ఫాస్ఫరస్ 6.9, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 840 వచ్చాయి. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. కిడ్నీ పని చేయకపోతే ఫాస్ఫరస్ బయటికి పోదు, విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారదు. రక్తంలో కాల్షియం తగ్గిందని గొంతు దగ్గరుండే పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ ఎక్కువగా వదులుతాయి, ఆ హార్మోన్ ఎముకలో నుంచి కాల్షియం లాగుతుంది. అలా ఎముక లోపల గుల్లవుతుంది. "మెట్టు మీద పడితే అందరికీ విరగదమ్మా, నీది ముందే బలహీనపడింది" అన్నారు. లెక్క లేకుండా కాల్షియం మింగితే అది ఎముకకు పోకుండా రక్తనాళాల్లో పేరుకుంటుందట. మందులు మార్చి రాశారు. ఆ రోజు ఇంటికొచ్చి, మానేసిన మాత్రల పట్టీలు డబ్బా అడుగున ఉంటే తీసి లెక్కపెట్టాను. ఆ అంకె ఇక్కడ రాయలేను.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం. కుడి చేయి లేకపోవడంతో పనులన్నీ ఎడమ చేత్తో చేయడం అలవాటైపోయింది. డయాలసిస్ అయి ఇంటికి వచ్చిన నాలుగు గంటలకు, అత్తమ్మ పడుకుని ఉందని, సగం బకెట్ నీళ్లు ఎడమ చేత్తో ఎత్తాను. పై సూది రంధ్రం తెరుచుకుంది. మోచేతి నుంచి నేల దాకా ధారగా రక్తం. నొక్కాలి. నొక్కే చేయి ప్లాస్టర్‌లో ఉంది. బయట ఉన్న వేళ్లతో నొక్కితే నొప్పికి కళ్లు తిరిగాయి, వేళ్లలో బలమూ లేదు. తువాలు మడత పెట్టి రంధ్రం మీద వేసుకుని, ఆ చేతిని పొట్టకు ఆనించి, ముందుకు వంగి కూర్చుని "వదినా" అని అరిచాను. తలుపు తీసే ఉండటం నా అదృష్టం. ఆమె వచ్చి, నేను చెప్పినట్టు సరిగ్గా రంధ్రం మీద రెండు వేళ్లు పెట్టి నొక్కింది. ఇరవై నిమిషాలకు ఆగింది. ఆ రోజు నుంచి డయాలసిస్ అయిన రోజు ఎడమ చేత్తో గ్లాసు కన్నా బరువైనది ఎత్తలేదు, ఇంట్లో ఒంటరిగా ఉండలేదు. ఫ్రిజ్ మీద, మంచం పక్కన, సంచిలో కాటన్ పెట్టి ఉంచాం. ఇంట్లో వాళ్లకూ వదినకూ అందరికీ నొక్కడం నేర్పాను.

రాత్రి పడుకోవడం ఇంకో గండం. వెల్లకిలా పడుకుని రెండు చేతులకూ మధ్య దిండు పెట్టుకునేదాన్ని. నిద్రలో ఆ గట్టి కట్టు ఎడమ చేతి మీద పడి ఒత్తితే ఫిస్టులా మూసుకుపోతుందని భయం. ఇదివరకు పడుకునే ముందు కుడి చేతి వేళ్లతో ఎడమ మణికట్టు పట్టుకుని అదురు చూసుకునేదాన్ని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు. ఇప్పుడు ఆ వేళ్లు ఉబ్బి మొద్దుబారి ఉన్నాయి, వాటికి ఏమీ తెలిసేది కాదు. ఒక రాత్రి ఎందుకో ఎడమ మణికట్టును చెవికి ఆనించుకున్నాను. వినిపించింది. దూరంగా ఏదో మోటారు నడుస్తున్నట్టు, ఆగకుండా, హుం హుం అని. ఆ చప్పుడు విన్నాకే రోజూ నిద్రపోయాను. ఇప్పటికీ వింటున్నాను.

ఆగస్టు 16, వరలక్ష్మీ వ్రతం. గాజులు లేని చేతులతో కలశం ముందు కూర్చోవడం నాకు కష్టంగా అనిపించింది. అత్తమ్మే నా పేరున తోరం కట్టుకుంది. నా గాజులు అమ్మవారి ముందు పళ్లెంలో పెట్టింది.

ఆగస్టు 22న కట్టు తీశారు. లోపలి చేయి నాది కాదేమో అనిపించింది. సన్నబడి, పొట్టు రేగి, మణికట్టు ఏ వైపుకూ తిరగడం లేదు. ఎముక అతుక్కుంది కానీ పూర్తిగా కాదు, మా ఎముకలకు ఎక్కువ సమయం పడుతుందని ఇంకో రెండు వారాలు తీసి పెట్టుకునే పట్టీ ఇచ్చారు. ఫిజియోథెరపీ అమ్మాయి గోరువెచ్చని నీళ్లలో చేయి ముంచి తిప్పమంది, తరువాత ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. ఆ బంతి వద్దన్నాను, మా ఇంట్లోనే ఉంది. నాలుగేళ్ల క్రితం ఫిస్టులా బాగా తయారవ్వాలని ఎడమ చేత్తో రోజూ పిసికిన బంతి అది. సూదులూ దారాల డబ్బాలోనే పడి ఉంది. మొదటి రోజు దాన్ని కొంచెం కూడా నొక్కలేకపోయాను. సెప్టెంబర్ చివరికి యాభై సార్లు పిసకగలిగాను.

కత్తెర ఇంకా పూర్తిగా లొంగలేదు, మందం గుడ్డ అయితే మా అబ్బాయి కత్తిరిస్తాడు, మిషన్ మీద కుట్టేది నేనే. ఆ మూడు బ్లౌజులూ బతుకమ్మకు ఇచ్చేశాను. దిగాక ఇప్పుడు పావుగంట కూర్చునే లేస్తున్నాను. మొదట కాళ్లు కిందికి వేలాడేసి, తరువాత నిలబడి, ఇంకోసారి బీపీ చూపించుకుని వెళ్తున్నాను. మెట్లెక్కేటప్పుడు మా అబ్బాయి నా వెనకాలే వస్తాడు.

అక్టోబర్‌లో ఒక శనివారం సూదులు తీశాక టెక్నీషియన్ తమ్ముడు అలవాటుగా కాటన్ పెట్టి నొక్కబోయాడు. "నేనే పట్టుకుంటా" అన్నాను. కుడి చేతి చూపుడు వేలు, నడిమి వేలు రంధ్రం మీద పెట్టాను. వేళ్ల కింద సన్నగా అదురు తెలిసింది. అతను గడియారం చూస్తూ నిలబడ్డాడు. పద్నాలుగు నిమిషాలు పట్టింది.